మేడ మీది గోంగూర

గోంగూర పచ్చడి వడ్డించబోతే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టే గుంటూరు జిల్లావాణ్ణి మీరెప్పుడైనా చూశారా? నేనే. ఆ పని మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. పెళ్ళిళ్ళలో అడుగుతారు. ఆఫీసు క్యాంటీన్లో అడుగుతారు. మా అత్తగారు ఇప్పటికీ అడుగుతుంది. ఒకరికి కడుపులో మంట అంటాను, ఇంకొకరికి డాక్టరు వద్దన్నాడంటాను. ఎవరికి ఏం చెప్పానో గుర్తు పెట్టుకోవడమే ఒక చాకిరీ అయిపోయింది. ఒక పెద్ద అబద్ధం ఆడితే దాన్ని కాపాడటానికి ఇన్ని చిల్లర అబద్ధాలు మోయాలని నాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆడేవాణ్ణి కాదా? ఆడేవాణ్ణే. నా విసుగంతా అదే.

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. మధ్యలో నన్ను ఓదార్చకండి, తిట్టకండి. ఒకసారి ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేను. ఇదివరకు చాలాసార్లు అలాగే ఆగిపోయాను.

కొత్త శతాబ్దం తొలి ఏళ్ళు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ కంపెనీలు మనుషుల్ని పిలిచి పిలిచి తీసుకున్న కాలం పోయి, ఉన్నవాళ్ళను తగ్గించుకుంటున్న కాలం. హూడి అప్పటికింకా సగం ఊరే. అక్కడ మునెమ్మ అనే ఆవిడ ఇంట్లో పై అంతస్తు అద్దెకు తీసుకుని నేనూ, సందీప్ అనే నా స్నేహితుడూ ఉండేవాళ్ళం. కింద ముందు గదిలో ఆవిడ పిండిమర. వెనక గదిలో ఆవిడ కాపురం. మా పైన ఖాళీ మేడ, దాని మీద ఒక నల్లటి నీళ్ళ ట్యాంకు.

మునెమ్మకు అరవై దాటి ఉంటాయి. భర్త పోయాక అందరూ మర అమ్మేయమంటే, అమ్మకుండా తానే నేర్చుకుని నడుపుతోంది. కనుబొమ్మల మీద ఎప్పుడూ పిండి. రోజంతా మర చప్పుడులో మాట్లాడి మాట్లాడి మామూలు మాట కూడా అరిచినట్టే ఉండేది. ఆ చుట్టుపక్కల పాత కాపురస్తుల తెలుగు ఆవిడది. సగం రాయలసీమ, కొంత కన్నడం. ఆదివారం ఆవిడ రాగిముద్ద చేస్తే మాకూ రెండు పైకి వచ్చేవి. కుడికంట్లో శుక్లం. వానలు పడ్డాక ఆపరేషన్ చేయించుకుంటానని ప్రతి ఏడూ అనేదట.

సందీప్ సంగతి. వాడు నాకంటే రెండేళ్ళు సీనియర్. నా బయోడేటా వాడే కంపెనీలో ఇచ్చి నాకు ఉద్యోగం వచ్చేలా చేశాడు. ఆ మాట వాడు ఎప్పుడూ గట్టిగా అనడు, నవ్వుతూ అంటాడు. వాడు మేడ మీద నల్లటి ప్లాస్టిక్ తొట్లలో గంజాయి పెంచేవాడు. ఆరు మొక్కలు. శని ఆదివారాలు పీల్చుకోవడానికట. మార్చి నెలలో వాణ్ణి పుణె ప్రాజెక్టుకు పంపారు.

"మామా, జస్ట్ టూ మంత్స్. మార్నింగ్ ఒకసారి, ఈవెనింగ్ ఒకసారి వాటర్. మధ్యాహ్నం మాత్రం పొయ్యకు, ఆ వేడికి రూట్స్ ఉడికిపోతాయి. చంటిపిల్లల్లా చూసుకోవాలి."

"నాకెందుకురా ఇదంతా? పీకి పారేసి పో."

"నీకు జాబ్ ఎవరిప్పించారు మామా?" అని నవ్వాడు.

నేనూ నవ్వాను. అప్పుడే పీకి ఉండాల్సింది.

ఆ వేసవి గురించి చెప్పాలంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. బెంగళూరు చల్లని ఊరని చెప్పినవాళ్ళెవరూ ఏప్రిల్లో కాంక్రీటు మేడ మీద చెప్పులు లేకుండా నిలబడి ఉండరు. నాకు ప్రాజెక్టు లేదు. పిలిస్తే రమ్మని ఇంటికి పంపేశారు. పిలిచేది పనిలోకో, పంపేయడానికో తెలియదు. ఆ భయంతో తినలేక నిద్రపోలేక ఉంటే, పైన ఈ ఆరు మొక్కలు. నల్ల తొట్టి ఎండకు పెనంలా కాలుతుంది. పొద్దున నిటారుగా ఉన్న మొక్క పదకొండు దాటేసరికి తడిబట్టలా వాలిపోతుంది. నీళ్ళు పోద్దామంటే పోయకూడదు. పోయకపోతే ఆకుల అంచులు అప్పడంలా పెళుసెక్కుతాయి. ట్యాంకు నీడలోకి తొట్లు జరిపితే గంటకల్లా నీడ ఇంకోవైపు పోతుంది. నీడ వెనక తొట్లు, తొట్ల వెనక నేను. బోరు ఎండిపోయింది. ట్యాంకరు వచ్చినప్పుడే నీళ్ళు. నా స్నానం మానుకుని ఆ బకెట్ పైకి మోసేవాణ్ణి. మా నాన్న ఫోన్ చేసి "ఏం చేస్తున్నావురా?" అంటే "పనిలో ఉన్నా నాన్నా" అనేవాణ్ణి. ఏం పని? ఇంజనీరింగ్ చదివి ఏం పని?

వాడు ఆదివారం ఆదివారం ఫోన్ చేసేవాడు. నేనెలా ఉన్నానని కాదు. "పిల్లలెలా ఉన్నారు మామా?"

ఒక్క మాట. నేను ఒక్కసారి కూడా అది పీల్చలేదు. మంచివాణ్ణని చెప్పడానికి కాదు. నాది కాని సరదాకు, నాది కాని మొక్కలకు ఎంత తెలివితక్కువగా ఇరుక్కున్నానో చెప్పడానికి.

మిరపకాయలు ఎండబెట్టుకోవడానికి మునెమ్మ ఒకరోజు పొద్దున్నే మేడెక్కింది. నేను చెంబుతో నీళ్ళు పోస్తూ దొరికిపోయాను. ఆవిడ వంగి, మంచి కన్ను దగ్గరగా పెట్టి ఆకును పట్టి చూసింది.

"ఇదేం చెట్టప్పా?"

నాకు ఆలోచించే వ్యవధి లేదు. ఆ ఆకు ఆకారం, చీలిన వేళ్ళలాంటి అంచులు. నోటికి అదే వచ్చింది.

"గోంగూర పెద్దమ్మా."

"పుంటికూరా? వాసన వేరేగా ఉండాదే."

"మా గుంటూరు వైపు రకం. ఇలాగే ఉంటుంది."

"గుంటూరోడివి, పుంటికూర గురించి నీకు తెలీకుంటే నాకు తెలుసా!" అని నవ్వేసింది. నమ్మేసింది. నాకు ఎంత హాయిగా అనిపించిందో. ఎంత తెలివిగా తప్పించుకున్నానో అనుకున్నాను. ఆ రోజు భోజనం కూడా సరిగ్గా తిన్నాను.

అక్కడితో ఆగిందా? లేదు. ఆవిడకు ఆ మొక్కల మీద ఇష్టం పుట్టింది. ఈ బిసిలుకి, అంటే ఎండకు, పాపం పసి చెట్లు తట్టుకోలేవని తన పాత నూలు చీర తెచ్చి, ట్యాంకు పైపుకూ పిట్టగోడ మేకుకూ కట్టి నీడ పరిచింది. నేను అన్నాళ్ళు తొట్లు మోసి చచ్చింది ఆవిడ ఒక్క చీరతో తీర్చేసింది. బియ్యం కడిగిన నీళ్ళు పారబోయకుండా దాచి సాయంత్రం తెచ్చి పోసేది. మొక్కలు కళకళలాడాయి. నాకు పని తగ్గింది. నేనేమీ అనలేదు. ఎందుకంటాను? సుఖంగా ఉంది కదా.

ఆవిడ ఆ ఆకు ఎందుకు పెంచుతోందనుకున్నాను? గోంగూర ఎవరైనా ఎందుకు పెంచుతారు? ఇంత చిన్న సంగతి నా బుర్రకు తట్టలేదంటే మీరు నమ్మరు. నాకే నమ్మకం లేదు. తట్టి ఉంటుంది. పక్కకు నెట్టి ఉంటాను.

ఒకరోజు కంపెనీ నుంచి పిలుపు వచ్చింది. ఒక గదిలో కూర్చోబెట్టి, ఇంకొక్క నెల చూస్తామన్నారు. ఆ మాటకు థాంక్స్ చెప్పి, అలా చెప్పినందుకు నన్ను నేనే తిట్టుకుంటూ బస్సులో నిలబడి సాయంత్రానికి ఇంటికి చేరాను. మేడెక్కి చూస్తే మూడు మొక్కలకు ఆకులు లేవు. నీట్‌గా గిల్లేసి ఉన్నాయి. కాడలు మిగిలాయి.

నాకు ముందు వచ్చిన ఆలోచన చెప్తున్నాను వినండి. సందీప్‌కు ఏం చెప్పాలి? అదీ నా మొదటి ఆలోచన.

అంతలో మునెమ్మ మెట్లెక్కి వచ్చింది. చేతిలో స్టీలు గిన్నె, పైన మూత.

"ఏమప్పా, నిన్నడగకుండా కోసినా. కోపం లేదు గదా? పొద్దున ఏమీ తోచక చెట్లతో మాటాడుకుంటా కోసేసినా. మీ గుంటూరు రకంలో పులుపే లేదప్పా! చింతపండు ఏసి, మిరపకాయలు ఏయించి, నూనెలో బాగా మగ్గపెట్టినా. తిని చూడు."

మూత తీయకుండానే వాసన తగిలింది. నూనె, వెల్లుల్లి, వాటి కింద ఆ వాసన.

"మీరు తిన్నారా పెద్దమ్మా?"

"మధ్యాన్నం ముద్దలోకి ఏసుకున్నా. కొంచెం తల తిరగతా ఉండాది. ఈ బిసిలు అట్లుండాది గదా."

ఇక్కడ ఆగుతాను. ఎందుకంటే ఇక్కడ ఒక్క వాక్యం చాలు. అది గోంగూర కాదు పెద్దమ్మా, గంజాయి, పారేయండి, మజ్జిగ తాగి పడుకోండి. ఇంతే కదా? ఆవిడ తిట్టేది. ఇల్లు ఖాళీ చేయమనేది. పోలీసులకు చెప్పేదా? చెప్పేది కాదేమో. కానీ చెప్తే? కేసు అయితే? ఒక్క నెల గడువులో వేలాడుతున్న నా ఉద్యోగం? నాన్న? ఇలా లెక్కలు వేసుకుంటూ నేను ఎంత తెలివైన మాట అన్నానో చూడండి.

"భలే వాసన వస్తోంది పెద్దమ్మా. చేసిందంతా నాకే ఇచ్చేయండి."

ఆవిడ మురిసిపోయింది. "ఆశపోతూ! ఇస్తా గానీ, నాకూ కొంచెం ఉండాల గదప్పా. జాడీలో ఎత్తిపెట్టుకున్నా, నాలుగు పూటలొస్తాది."

నేను నా గిన్నె తీసుకుని, ఆవిడ దిగిపోయాక పచ్చడిని కాగితంలో చుట్టి వీధి చివర చెత్తలో పడేశాను. గిన్నె కడిగి ఇస్తూ బాగుందని చెప్పాను. జాడీ ఆవిడ దగ్గరే ఉంది.

మర్నాడు ఆవిడ ఎప్పటికన్నా ఆలస్యంగా మర తెరిచింది. ఎవరో రాగులు తెస్తే గోధుమల మీద పోసి ఆడేసిందని కింద గొడవ వినబడింది. ఆ మర్నాడు నాకు ఎదురై, పోయిన భర్త పేరు చెప్పి, ఆయన ఇప్పుడే ఇక్కడ కూర్చుని లేచిపోయాడంది. అని తనే సిగ్గుపడి నవ్వింది. ప్రతి పూటా ఆ జాడీ తెరుస్తోందని నాకు తెలుసు. ప్రతి పూటా అనుకున్నాను, ఈ పూటకు అయిపోతుందని.

మూడో రోజు మర ఖాళీగా తిరుగుతున్న చప్పుడు వచ్చింది. గింజ లేకుండా రాయి మీద రాయి రాసుకుంటే వచ్చే చప్పుడు. ఒళ్ళు జలదరిస్తుంది. కిందికి పరిగెత్తాను. డబ్బాలు పట్టుకున్న ఆడవాళ్ళు గుమ్మం దగ్గర గుమిగూడి ఉన్నారు. మునెమ్మ మర ముందు నేల మీద కూర్చుని, తిరుగుతున్న బెల్టుకు జానెడు దూరంలో చెయ్యి చాపి, నవ్వుతోంది.

"పాడతా ఉండాది అప్పా, విను."

ఎవరో మెయిన్ స్విచ్ ఆపారు. చప్పుడు ఆగగానే ఆవిడ మొహంలో నవ్వు పోయి భయం వచ్చింది. నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టు నాకింకా గుర్తే. "నా కాళ్ళు యాడుండాయప్పా? కాళ్ళు కనపడల్యా." ఏడ్చింది. చంటిపిల్ల ఏడ్చినట్టు ఏడ్చింది.

నర్సింగ్ హోమ్‌కు ఆటోలో నేనే తీసుకెళ్ళాను. కూతురికి నేనే ఫోన్ చేశాను. ఆమె, ఆమె భర్త నాగరాజు అత్తిబెలెలో ఉండేవాళ్ళు. అతను అక్కడ ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. వాళ్ళు వచ్చాక, అమ్మకు చీరలు, ఫ్లాస్కు తెచ్చిపెట్టమని కూతురు నాకు ఇంటి తాళం ఇచ్చింది.

ఇప్పుడు చెప్పబోయేది తొందరలో, భయంలో జరిగిపోయింది కాదు. నింపాదిగా చేశాను. వంటింట్లోకి వెళ్ళి జాడీ తీశాను. అడుగున ఇంకా కాస్త మిగిలి ఉంది. కడిగాను. సబ్బు పెట్టి రెండోసారి కడిగాను. బోర్లించి పెట్టాను. మేడెక్కి ఆరు మొక్కల్నీ వేళ్ళతో సహా పీకాను. చీర విప్పాను. అన్నీ ఒక గోనెసంచిలో కుక్కి, రైలు పట్టాల అవతల చెత్తకుప్పలో పడేసి వచ్చాను. అన్ని వారాలు పెంచినవి పీకడానికి ఎంతసేపు పట్టింది? ఏమీ పట్టలేదు. ఆ తరవాత చీరలు, ఫ్లాస్కు తీసుకుని నర్సింగ్ హోమ్‌కు వెళ్ళాను. కూతురు కళ్ళు తుడుచుకుంటూ "నువ్వుండబట్టి సరిపోయింది తమ్ముడూ" అంది.

మర్నాటికి మునెమ్మ తేరుకుంది. మామూలుగా మాట్లాడింది. డాక్టరు ఆ తేరుకోవడాన్ని నమ్మలేదు. ఈ వయసులో మతి ఇలా వస్తూ పోతూ ఉంటుందని, అప్పుడప్పుడు బాగున్నట్టే కనిపిస్తారని, ఒంటరిగా వదలొద్దని చెప్పాడు. పాపం ఆయనకు తెలిసింది అంతే. తెలిసినవాణ్ణి నేను బయట బెంచీ మీద కూర్చున్నాను.

నాగరాజు వచ్చి పక్కన కూర్చున్నాడు. మంచి మనిషి. అత్తగారి మర మీద కన్నేసిన అల్లుడైతే నాకు కాస్త సుఖంగా ఉండేది. కాదు.

"సార్, మీరు దినామూ చూస్తా ఉంటారు. ఈ మధ్య అత్త తేడాగా ఉండాదా?"

నా జవాబు కోసం ఆగకుండా అతనే అన్నాడు.

"డాక్టరు చెప్పేది నమ్మబుద్ధి కావల్యా సార్. అత్త ఏమంటా ఉండాదంటే, మేడ మీద మీరు పుంటికూర ఏసినారంట. అది కోసి పచ్చడి చేసిందంట. అది తిన్నంకే ఇట్లయిందంటాది. ఆకులో ఏమన్నా మందు కొట్టినారా సార్? పురుగుమందు ఏమన్నా?"

చూడండి. ఆవిడ కనిపెట్టేసింది. అంత మత్తులోనూ, అంత భయంలోనూ, ఏ పూట నుంచి ఏం జరిగిందో లెక్క సరిగ్గా కట్టింది. అల్లుడు సగం దారి వచ్చి నా ముందు కూర్చున్నాడు. నేను అవునని తలూపితే చాలు. పురుగుమందు అని ఇంకో అబద్ధం చెప్పినా చాలేది, ఆవిడ బతికిపోయేది. అది కూడా తట్టలేదు నాకు. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే తల గోడకు కొట్టుకోవాలనిపిస్తుంది. అబద్ధమే ఆడదలుచుకుంటే ఆవిడకు పనికొచ్చే అబద్ధం ఆడకూడదా?

"మేడ మీద గోంగూరా? ఏమీ లేదండీ. ఖాళీ తొట్లు. మా ఫ్రెండ్ ఎప్పుడో తెచ్చి పడేశాడు. కావాలంటే వచ్చి చూడండి."

అతను నమ్మినట్టు కనిపించలేదు. నేను ఇంకా చెప్పాను.

"నెల నుంచీ నేనూ గమనిస్తున్నా. చెప్తే బాగుండదని ఊరుకున్నా. ఒకసారి నన్ను మా ఫ్రెండ్ పేరుతో పిలిచారు. ఇంకోసారి అద్దె ఇచ్చాక మళ్ళీ అడిగారు."

ఒక్కటీ జరగలేదు. ఆవిడ ఎప్పుడూ నా పేరు మరవలేదు. ఆ వివరాలు ఎక్కణ్ణుంచి వచ్చాయో నాకు తెలియదు. ధారాళంగా వచ్చాయి. ఆఫీసులో నోరు పెగలనివాణ్ణి, అక్కడ ఎంత చక్కగా మాట్లాడానో.

నాగరాజు "అయితే నిజమే అన్నమాట" అన్నాడు. లేచి లోపలికి వెళ్ళాడు.

రెండు రోజులకు ఇంటికి తెచ్చారు. కూతురు సామాను సర్దుతోంది. మునెమ్మ మెల్లగా మెట్లెక్కి, మా గది దాటి, మేడ మీదికి వెళ్ళింది. నాకు అడుగులు వినిపించాయి. వెళ్ళకుండా ఉండలేకపోయాను. ఖాళీ తొట్ల ముందు నిలబడి ఉంది. కొత్త మందులకు మొహం వాచినట్టుంది.

"అప్పా, ఈడ చెట్లు ఉండె గదా?"

ఆవిడ ట్యాంకు వైపు చెయ్యి చూపించింది.

"నా చీర కట్టినా గదా. ఆ పైపుకి. నువ్వు గుంటూరు పుంటికూర అంటివి. నేను నీళ్ళు పోస్తా ఉంటి. అవునా కాదా చెప్పు. ఎవురికీ చెప్పను. నాకు మాత్రం చెప్పు."

కింద నుంచి కూతురు పిలుస్తోంది. మునెమ్మ నా కేసి చూస్తోంది. ఎంత ఆశగా చూసిందో నేను రాయలేను. నేనొక్కణ్ణే సాక్షిని ఆవిడకు. ఆవిడ బుద్ధికి.

"లేవు పెద్దమ్మా. మీరు రెస్ట్ తీసుకోండి."

ఆవిడ వాదించలేదు. అదే నాకు అర్థం కాలేదు. అరుస్తుందనుకున్నాను. చెంప మీద కొట్టినా బాగుండేది. చెయ్యెత్తి నుదురు తడుముకుని, పిట్టగోడ పట్టుకుని, ఒక్కొక్క మెట్టూ చూసుకుంటూ దిగిపోయింది. అంతకుముందు ఆ మెట్లు మిరపకాయల బుట్ట నెత్తిన పెట్టుకుని ఎక్కేది.

బెల్టు ఉన్న మర దగ్గర మతి నిలకడ లేని మనిషిని ఎలా వదులుతారు? మర అమ్మేశారు. ఇల్లు బాడుగలకు ఇచ్చి ఆవిణ్ణి అత్తిబెలె తీసుకెళ్ళారు. కొన్నవాళ్ళు మర విప్పి లారీకి ఎక్కిస్తుంటే ఆవిడ అక్కడే కుర్చీలో కూర్చుని చూసింది. నేను కూడా ఒక చెయ్యి వేశాను. సాయం చేశాను, అవును. నవ్వకండి.

ఆ ఆదివారం సందీప్ ఫోన్ చేశాడు. ఎండకు మొక్కలన్నీ మాడిపోయాయని చెప్పాను.

"ఆరూ పోయాయా? నీళ్ళు పొయ్యడం కూడా రాదారా నీకు? ఒక్క పని అప్పజెప్పాను మామా, ఒక్క పని!"

రిసీవర్ విసిరికొట్టాలనిపించింది. కొట్టలేదు. సారీ చెప్పాను. ఆ వేసవిలో నేను సారీ చెప్పింది వాడొక్కడికే.

నా ఉద్యోగం ఉందా అని అడగరేం? ఉంది. నిలబడింది. ఆ నెల గడిచాక ప్రాజెక్టు వచ్చింది. దాని మీదే వైట్‌ఫీల్డ్‌లో ఫ్లాట్, కారు, పిల్లల చదువు అన్నీ వచ్చాయి. సందీప్ పెద్ద హోదాలో ఉన్నాడు. ఓసారి పార్టీలో కలిస్తే ఆ రోజుల గురించి అడిగాను. "మొక్కలా? ఏం మొక్కలు మామా?" అన్నాడు. వాడు నిజంగానే మరిచిపోయాడు. వాణ్ణి మతి లేనివాడని ఎవరూ అనలేదు.

అయిదారేళ్ళ తరవాత ఒకసారి అత్తిబెలె వెళ్ళాను. హోసూరు పని మీద వెళ్తూ, ఈసారి చెప్పేద్దామని కారు ఆపి పళ్ళు కొనుక్కుని వెళ్ళాను. నాగరాజు ఫ్యాక్టరీకి పోయాడు. కూతురు కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. మునెమ్మ వసారాలో చాప మీద కూర్చుని ఉంది. కంటి ఆపరేషన్ చేయించినట్టున్నారు, కళ్ళద్దాలు వచ్చాయి. కనుబొమ్మల మీద పిండి లేదు, శుభ్రంగా ఉన్నాయి. గొంతు తగ్గిపోయింది. మర చప్పుడు లేదు కదా, అరవాల్సిన పనేముంది?

నన్ను వెంటనే గుర్తు పట్టింది. పేరు పెట్టి పిలిచింది. పెళ్ళయిందా, ఎంతమంది పిల్లలు అని అడిగింది. నేను "పెద్దమ్మా, అప్పుడు మేడ మీద" అని మొదలుపెట్టాను. నిజంగా మొదలుపెట్టాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"దాని మాట ఎత్తొద్దప్పా, నాకు నాచిక, సిగ్గు అవుతాది. అప్పుడు నాకు మతి లేకపోయె. లేని చెట్లు ఉండాయని ఊరంతా చెప్తిని. నీ మీద కూడా చెప్తిని. నువ్వేమో ఆటోలో ఎత్తుకుపోయి కాపాడితివి. ఈ నోటితోనే నిన్ను అన్నా. మనసులో పెట్టుకోవద్దప్పా."

క్షమాపణ అడుగుతోంది. నన్ను.

కాఫీ వచ్చింది. కూతురు నవ్వుతూ గ్లాసు అందించింది. నేనేమన్నానో మీకు చెప్పాలి, దాని కోసమే ఇంత దూరం వచ్చాను.

"పర్లేదు పెద్దమ్మా. నేను అప్పుడే మరిచిపోయాను" అన్నాను.

క్షమించేశాను ఆవిణ్ణి. కాఫీ తాగాను. బాగుందని కూడా అన్నాను. వచ్చి కారులో కూర్చున్నాను. ఏడుపు వస్తుందేమో అని చూశాను. రాలేదు. చిరాకు వచ్చింది. ఇంత సుఖంగా తప్పు చేయనిచ్చిన లోకం మీద, ఆవిడ మంచితనం మీద, ఎండ మీద, ఆ పళ్ళ సంచి మీద. అన్నిటి మీదా వచ్చింది.

ఆ తరవాత రెండేళ్ళకు ఆవిడ పోయిందని తెలిసింది. నేను వెళ్ళలేదు.

కూతురు ఉంది. నాగరాజు రిటైరయి ఉంటాడు. వాళ్ళ నంబరు సంపాదించడం కష్టం కాదు. వాళ్ళకు చెప్పొచ్చు కదా అని మీరంటారు. చెప్పాలి. తప్పకుండా చెప్తానని మీకు మాట ఇవ్వను. నా మాట ఎలాంటిదో మీరు చూశారు. చెప్తే ఏమవుతుంది? ఆవిడ పోయిన ఏళ్ళు వస్తాయా? రావు. చెప్పకపోతే? ఆ ఇంట్లో ఆవిణ్ణి మతి చెడిన మనిషిగానే తలుచుకుంటారు. పండక్కి ఫోటోకు దండ వేస్తూ కూడా అలాగే తలుచుకుంటారు. ఈ రెండు మాటల మధ్య నేను ఇన్నేళ్ళూ అటూ ఇటూ తిరుగుతున్నాను. నాకు నేను వినీ వినీ విసుగొచ్చింది.

కాబట్టి వంకర లేకుండా ఒక్కసారి రాస్తాను. ఆ నర్సింగ్ హోమ్ బెంచీ మీద నాగరాజు అడిగినప్పుడు చెప్పాల్సిన జవాబు ఇది.

మొక్కలు ఉన్నాయండీ. గోంగూర కాదు, గంజాయి. నేనే పెంచాను, నేనే గోంగూరని చెప్పాను. మీ అత్తగారు తిన్నది అదే. ఆవిడ బుద్ధికి ఏమీ కాలేదు. ఆవిడ చెప్పిన ప్రతి మాటా నిజం.

రాశాను. ఊపిరి కాస్త లోపలిదాకా పోతోంది. ఇంతకుమించి ఊరటేమీ నాకు రాదు, రాకూడదు కూడా.